కాలనీల్లో మానసిక ఆరోగ్య అవగాహన సదస్సు నిర్వహించిపెట్టే ప్యాకేజీ: ఒక సమీక్ష

పెళ్లిళ్లకూ గృహప్రవేశాలకూ ఏర్పాట్లన్నీ చూసుకునే సంస్థలు ఉన్నట్టే, మానసిక ఆరోగ్యంపై అవగాహన కార్యక్రమాలను మొదటి నుంచి చివరి దాకా నిర్వహించిపెట్టే సంస్థలు కూడా హైదరాబాద్‌లో ఉన్నాయి. కంపెనీలకు, కళాశాలలకు అందే ఈ సేవ ఇప్పుడు కాలనీ సంక్షేమ సంఘాల దాకా వచ్చింది. 2024 అక్టోబరులో మా కాలనీ సంఘం అలాంటి ఒక సంస్థకు కార్యక్రమాన్ని అప్పగించింది. ఏర్పాట్లు చూసిన ఉపసంఘంలో నేనూ ఉన్నాను కనుక, ఒప్పందం రాసుకున్ననాటి నుంచి చివరి బిల్లు చెల్లించేదాకా జరిగినదంతా దగ్గరగా చూశాను. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. మేము కొటేషన్లు తెప్పించుకున్న మిగతా సంస్థల ప్యాకేజీలు కూడా దాదాపు ఇదే అచ్చులో ఉన్నాయి. కాబట్టి ఇది ఒక సంస్థపై ఫిర్యాదుగా కాక, ఈ రకం సేవ తీసుకోవాలనుకునే సంఘాలకు పనికొచ్చే సమీక్షగా ఉండాలన్నది నా ఉద్దేశం.

ప్యాకేజీ ధర 75,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ అదనం. అందులో ఉదయం రెండు కిలోమీటర్ల నడక, పాల్గొన్నవారికి టీషర్టులు, టోపీలు, ఆకుపచ్చ రిబ్బన్లు. తర్వాత కమ్యూనిటీ హాల్లో ముఖ్యవక్త ప్రసంగం, ఒక చిన్న నాటిక, అనారోగ్యాన్ని స్వయంగా అనుభవించినవారితో ముఖాముఖి, ప్రశ్నోత్తరాలు. చివర్లో ప్రశ్నావళితో పరీక్ష, ఇద్దరు కౌన్సెలర్లతో విడిగా మాట్లాడే అవకాశం. ఫ్లెక్సీలు, కరపత్రాలు, ఫొటోలతో కూడిన నివేదిక ఉన్నాయి. చూడటానికి జాబితా నిండుగానే ఉంది. అయితే ఏ అంశానికి ఎంత ఖర్చవుతుందో విడదీసి చూపమని అడిగితే మొదట ఒప్పుకోలేదు. గట్టిగా అడిగిన మీదట వచ్చిన వివరాల ప్రకారం సగానికి పైగా డబ్బు టీషర్టులు, టోపీలు, వేదిక అలంకరణ, ఫొటోలకే పోతోంది. ఇద్దరు కౌన్సెలర్ల రెండు గంటల సమయానికి కేటాయించినది పదో వంతు కూడా లేదు. ఈ సేవ బలమూ బలహీనతా రెండూ ఈ లెక్కలోనే ఉన్నాయని కార్యక్రమం ముగిశాక అర్థమైంది.

మొదటి ఇబ్బంది తేదీ దగ్గరే వచ్చింది. ప్రపంచ మానసిక ఆరోగ్య దినం అక్టోబరు 10. ప్రపంచ మానసిక ఆరోగ్య సమాఖ్య 1992 నుంచి దీనిని జరుపుతోంది. సంస్థవారు ఆ రోజే పెట్టాలని పట్టుబట్టారు. 2024లో అదే రోజు సద్దుల బతుకమ్మ. తెలంగాణలో ఆ రోజు సాయంత్రం ఆడవాళ్లను కమ్యూనిటీ హాల్లో కూర్చోబెట్టి ప్రసంగం వినిపించాలనుకోవడం ఎంత అమాయకమైన ఆలోచనో కాలనీలో ఎవరిని అడిగినా చెప్పేవారు. ఉదయమైనా పూల కోసం పరుగులే కదా. చివరికి దసరా సెలవులు ముగిశాక వచ్చిన ఆదివారానికి మార్పించాము. దీనిని సంస్థ సర్దుబాటు చేసింది కానీ, తేదీ మార్చినందుకు అదనపు రుసుము అడిగి, మేము కాదన్నాక వదులుకుంది.

ఆ ఏడాది ప్రపంచవ్యాప్తంగా ఎంచుకున్న అంశం పనిచేసే చోట మానసిక ఆరోగ్యం. సంస్థ తెచ్చిన ఫ్లెక్సీలన్నీ దానికి తగ్గట్టే ల్యాప్‌టాప్ ముందు తల పట్టుకున్న యువకుడు, సమావేశంలో అలసిపోయిన యువతి బొమ్మలతో ఉన్నాయి. మా కాలనీలో విశ్రాంత ఉద్యోగులు, గృహిణులు, ఇంటర్ చదివే పిల్లలు ఎక్కువ. వారికి ఆ బొమ్మల్లో తమ గోడు ఎక్కడా కనిపించదు. ఆహ్వాన పత్రం మేమే తిరగరాసి, నిద్ర పట్టకపోవడం, పరీక్షల భయం, మనవలు విదేశాలకు వెళ్లాక ఇంట్లో మిగిలే ఒంటరితనం, ప్రసవం తర్వాత వచ్చే దిగులు అనే విషయాల మీద మాట్లాడుకుందామని ఇంటింటికీ ఇచ్చాము. హాలు నిండటానికి ఫ్లెక్సీలకన్నా ఇదే ఎక్కువ కారణమని నా నమ్మకం.

నడక గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. రోజూ ఉదయం ఎలాగూ నడిచేవారే ఆ రోజు కొత్త టీషర్టులు వేసుకుని నడిచారు. నినాదాలు, డ్రోన్ ఫొటోలు, అల్పాహారం చక్కగా జరిగాయి. ఏర్పాట్ల విషయంలో సంస్థ సమర్థతను ఒప్పుకోవాలి: మైకు ఒక్కసారి కూడా మొరాయించలేదు, కార్యక్రమం అనుకున్న సమయానికి మొదలైంది, హాలును మళ్లీ శుభ్రం చేసి అప్పగించారు. వ్యాఖ్యాత పరభాషా పదాలను దొర్లించకుండా హాయిగా మాట్లాడారు. టీషర్టులు మాత్రం ఇప్పుడు కార్లు తుడిచే గుడ్డలుగా కాలనీకి సేవ చేస్తున్నాయి.

ముఖ్యవక్త ప్రసంగం ఈ సేవలో నన్ను ఎక్కువగా నిరాశపరిచిన భాగం. ఆయన పరిచయ పత్రంలో మనస్తత్వ నిపుణుడని ఉంది. అర్హతలు అడిగితే వ్యక్తిత్వ వికాస శిక్షణలో ధ్రువపత్రం చూపించారు. మానసిక వైద్యుడంటే ఎంబీబీఎస్ తర్వాత ఆ శాఖలో పీజీ చేసినవారు. మందు రాసే అధికారం వారిది. క్లినికల్ సైకాలజిస్టు అంటే గుర్తింపు పొందిన శిక్షణ పూర్తి చేసి భారత పునరావాస మండలిలో నమోదైనవారు. ఈ తేడాలు శ్రోతలకు వివరించడమే అవగాహన కార్యక్రమం చేయవలసిన మొదటి పని. ఇక్కడ వేదిక మీదే ఆ గందరగోళం మొదలైంది. సానుకూలంగా ఆలోచిస్తే కుంగుబాటు దరి చేరదని, సంకల్పబలం ఉంటే మందులే అక్కరలేదని ఆయన చప్పట్ల మధ్య చెబుతుంటే, ఏళ్లుగా మందులు వాడుతున్న ఒక పెద్దావిడ లేచి వెళ్లిపోవడం చూశాను. ఆమె ఎందుకు వెళ్లారో నేను అడగలేదు. కానీ ఆ మాట విన్న తర్వాత మాత్రలు మానేసేవారు ఎవరైనా ఉంటే ఆ బాధ్యత వేదిక మీద ఉన్నవారిదే అవుతుంది.

అంతకన్నా పెద్ద తప్పులు ఆయన చూపిన స్లైడ్లలో ఉన్నాయి. ఆత్మహత్యాయత్నం నేరమని, కేసు పెట్టి జైలుకు పంపుతారని, కాబట్టి ఎవరూ ఆ ఆలోచన చేయకూడదని ఒక స్లైడు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగా భావించాలి; వేరే విధంగా రుజువైతే తప్ప ఆ వ్యక్తిని విచారించకూడదు, శిక్షించకూడదు. పైగా వారికి సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించవలసిన బాధ్యతను ఆ చట్టం ప్రభుత్వం మీద పెట్టింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షనే లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నిర్వహణలో లొంగదీసుకోవడానికి చేసే ఆత్మహత్యాయత్నం మాత్రమే ఇప్పటికీ నేరం. పోలీసు కేసు భయంతోనే చాలా కుటుంబాలు ఇటువంటి సంఘటనలను దాచిపెట్టి, ఆసుపత్రిలో వేరే కారణం చెప్పి, ఆ తర్వాత మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లకుండానే ఇంటికి వచ్చేస్తాయి. ఆ భయాన్ని పోగొట్టవలసిన సభలోనే దానిని మళ్లీ నాటడం క్షమించదగిన పొరపాటు కాదు.

మరో స్లైడులో తెలంగాణలో ఇంత శాతం మందికి మానసిక రుగ్మతలు ఉన్నాయని, ఆధారంగా జాతీయ మానసిక ఆరోగ్య సర్వేను చూపించారు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ శాస్త్రాల సంస్థ (నిమ్హాన్స్) 2015-16లో నిర్వహించిన ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో తెలంగాణా లేదు, ఆంధ్రప్రదేశూ లేదు. సర్వే చెప్పినదేమిటంటే, పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి అప్పటికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని, చాలా రుగ్మతల్లో చికిత్స అందని వారు 70 శాతానికి పైనే ఉన్నారని. ఈ రెండో అంకె ఒక్కటి చాలు సభలో పెట్టడానికి. లేని అంకెను కల్పించవలసిన అవసరమే లేదు. విరామంలో ఈ రెండు విషయాలూ నిర్వాహకుల దృష్టికి తెస్తే, వ్యాఖ్యాత చేత సవరణ చెప్పించారు. ఆ సవరణ ఇష్టంగానే చెప్పించారన్నది వారి పక్షాన రాయవలసిన మాట.

నాటిక విషయంలో వారి తీరు మెచ్చుకోదగినది. రాత ప్రతిని ముందే పంపమన్నాము. ఇంటర్‌లో తప్పిన విద్యార్థి ప్రాణం తీసుకునే దృశ్యం, దానికి ఎంచుకున్న విధానంతో సహా, వేదిక మీదే చూపించేలా రాశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు విధానాన్ని వర్ణించవద్దని, ఒకే కారణానికి ముడిపెట్టవద్దని, సహాయం ఎక్కడ దొరుకుతుందో తప్పక చెప్పమని పత్రికలకూ ప్రసార మాధ్యమాలకూ చెబుతాయి. అవి వీధి నాటకానికీ అంతే వర్తిస్తాయి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఇంటర్ ఫలితాలు వచ్చే ఏప్రిల్ నెల అంటే తెలుగు రాష్ట్రాల్లో ఎన్ని ఇళ్లలో గుబులో వేరే చెప్పనక్కరలేదు. అలాంటి చోట పదహారేళ్ల పిల్లల ముందు ఆ దృశ్యం ఆడటం ప్రమాదమని చెప్పగానే సంస్థ రచయిత రెండు రోజుల్లో నాటికను పూర్తిగా మార్చి పంపారు. కొత్త ప్రతిలో ఆ అబ్బాయి ఫలితం చూసుకుని మేడ మీద ఒంటరిగా కూర్చుంటాడు. పక్కింటి మామయ్య వచ్చి నీతులు చెప్పకుండా, చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా అని సూటిగా అడుగుతాడు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. అడగడం వల్ల ప్రమాదం పెరగదని, పైగా మనసు విప్పడానికి దారి దొరుకుతుందని నిపుణులు చెప్పే విషయం ఆ ఒక్క సంభాషణతో హాలుకంతటికీ అర్థమైంది. నటుల్లో ఇద్దరు కొత్తవారు, మాటలు తడబడ్డారు. అయినా ప్రసంగం చేయలేనిది ఆ పన్నెండు నిమిషాలు చేశాయి.

ఇక ఈ ప్యాకేజీలో డబ్బుకు అసలు విలువ దక్కిన భాగం ముఖాముఖి. ద్విధ్రువ రుగ్మతతో (బైపోలార్, అంటే మనసు ఒకసారి ఉధృతిలోకి, ఒకసారి కుంగుబాటులోకి వెళ్లే వ్యాధి) చాలా ఏళ్లుగా జీవిస్తున్న ఒక పాఠశాల ఉపాధ్యాయురాలు, ఆమె అన్నయ్య వచ్చారు. వేదిక ఎక్కకుండా మా మధ్యనే కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. మొదటిసారి ఉధృతి వచ్చినప్పుడు నిద్ర లేకుండా రాత్రంతా ఇల్లు సర్దడం, దాచుకున్న డబ్బు చీరలకు తగలేయడం, ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తిప్పిన చోట్లు, పెళ్లి చేస్తే కుదుటపడుతుందని బంధువులు ఇచ్చిన సలహా, అన్నీ ఆమె నవ్వుతూనే చెప్పారు. ఈ రుగ్మతకు ఇచ్చే లిథియం మాత్రలు వేసుకుంటున్నానని, మోతాదు సరిగా ఉందో లేదో చూసుకోవడానికి క్రమం తప్పకుండా రక్తపరీక్ష చేయించుకుంటానని, పాఠశాలలో ప్రధానోపాధ్యాయురాలికి ఒక్కరికే ఈ విషయం తెలుసని చెప్పారు. షుగర్ మాత్రలు వేసుకునే మీరు వాటికి బానిసలయ్యారా అని ఆమె ఎదురు ప్రశ్న వేస్తే ముందు వరుసలోని పెద్దలు సమాధానం చెప్పలేకపోయారు.

అన్నయ్య మాటలు ఇంకా ఆలోచింపజేశాయి. చెల్లెలి కంటే తనకే ఎక్కువ సిగ్గు ఉండేదని, ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరు చెప్పడానికి ఇష్టంలేక ఆటోవాడికి పక్కన ఉన్న రైతుబజారు చెప్పి అక్కడి నుంచి నడిచేవాళ్లమని అన్నారు. హైదరాబాద్‌లో ఆ ఊరి పేరు వెక్కిరింతగా వాడని స్నేహితుల గుంపు ఉండదు, ఆ హాల్లోనూ వాడినవాళ్లు చాలామందే ఉండి ఉంటారు. మానసిక వ్యాధుల పట్ల చిన్నచూపు తగ్గడానికి అన్నిటికన్నా బాగా పనిచేసేది ఆ వ్యాధిని అనుభవించినవారితో నేరుగా కలిసి మాట్లాడటమేనని 2022లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన కమిషన్ తేల్చింది. సంస్థ దీనికి కేటాయించినది ఇరవై నిమిషాలు. మేము నిర్వాహకులను బతిమాలి గంట చేయించాము. వచ్చినవారికి ప్రయాణ ఖర్చులు మాత్రమే ఇస్తున్నారని తర్వాత తెలిసింది. ప్రసంగకర్తకు వేలల్లో రుసుము ఇచ్చి, తన జీవితాన్నే మన ముందు పెట్టినవారికి ఆటో ఛార్జీలు ఇవ్వడం నాకు సబబుగా అనిపించలేదు. సంఘం తరఫున విడిగా గౌరవ రుసుము ఇచ్చాము.

ప్రశ్నోత్తరాలకు మైకు తిప్పడం వారి పద్ధతి. అలా తిప్పితే కాలనీలో ఎవరూ నోరు విప్పరని చెప్పి, ద్వారం దగ్గర చీటీల పెట్టె పెట్టించాము. పేర్లు లేని చీటీలు పెట్టె నిండా వచ్చాయి. మా అత్తగారు అర్ధరాత్రి లేచి తాళాలు చూసుకుంటూనే ఉంటారు, అది వయసు వల్లనా? గుండె దడ అని అన్ని పరీక్షలూ చేయించాము, ఏమీ లేదన్నారు, మరి దడ ఎందుకు తగ్గదు? నరాల బలహీనత అని ఇచ్చే ఇంజెక్షన్లు మంచివేనా? ఆరోగ్య బీమా వర్తిస్తుందా? ఈ చివరి ప్రశ్నకు హాల్లో ఎక్కువమంది చెవులు నిక్కబొడుచుకున్నారు. 2017 చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం శారీరక వ్యాధులకు ఇచ్చినట్టే మానసిక వ్యాధులకూ బీమా సంస్థలు రక్షణ కల్పించాలి. ఈ సమాధానాలు చెప్పినది ముఖ్యవక్త కాదు, కౌన్సెలర్లలో ఒకరు. ఆమె తెలియని దానికి తెలియదనే చెప్పారు, మందుల గురించి అడిగినప్పుడల్లా అది డాక్టరును అడగవలసిన విషయమని ఆగిపోయారు. కుంగుబాటుకు ఇచ్చే మందులు పనిచేయడం మొదలుపెట్టడానికి కొన్ని వారాలు పడుతుందని, నాలుగు రోజులు వేసుకుని గుణం లేదని మానేయడం వల్లే చాలామంది చికిత్స విఫలమైందనుకుంటారని ఆమె చెప్పిన మాట నా పుస్తకంలో రాసుకున్నాను.

తర్వాతి భాగం, అంటే ప్రశ్నావళితో పరీక్ష, ఈ సేవలో నేను ఎవరికీ సిఫారసు చేయనిది. కుంగుబాటును అంచనా వేయడానికి పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం ప్రపంచమంతటా వాడుకలో ఉంది. గడచిన రెండు వారాల్లో ఎలా ఉన్నారో అడిగి, 0 నుంచి 27 వరకు మార్కులు వేస్తారు. దాని పని ఎవరిని నిపుణుల దగ్గరకు పంపాలో సూచించడం వరకే. వ్యాధి నిర్ధారణ దాని పని కాదు. సంస్థవారు ఈ పత్రాన్ని హాల్లో కుర్చీల మీదే పంచి, పేరు, ఫ్లాటు నంబరు, ఫోన్ నంబరు రాయమన్నారు. భర్త పక్కన కూర్చుని భార్య, తండ్రి పక్కన కూర్చుని కొడుకు ఆ ప్రశ్నలకు నిజం రాస్తారని ఎవరు అనుకుంటారు? తొమ్మిదో ప్రశ్న చనిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి, తనకు తాను హాని చేసుకోవడం గురించి. దానికి ఎవరైనా అవునని రాస్తే ఆ వ్యక్తితో అప్పుడే, అక్కడే, విడిగా మాట్లాడే మనిషి ఉండాలి. ఈ పత్రాలను ఎప్పుడు చూస్తారని అడిగితే, కార్యాలయానికి తీసుకెళ్లి వారంలో నమోదు చేస్తామన్నారు. చూసే మనిషి లేనప్పుడు ఆ ప్రశ్న అడగకపోవడమే మేలు. పంచిన పత్రాలన్నీ అక్కడికక్కడే వెనక్కి తీసుకుని, కావాలన్నవారు కౌన్సెలరు దగ్గర కూర్చుని మాత్రమే నింపేటట్టు మార్పించాము. అయినా అప్పటికే నింపిన కొన్ని పత్రాల్లోని ఫోన్ నంబర్లు వారి చేతికి వెళ్లాయి. కొద్దిరోజులకు ఆ ఇళ్లకు కౌన్సెలింగ్ ప్యాకేజీలపై రాయితీ ఇస్తామంటూ ఫోన్లు వచ్చాయి. సంఘం రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాక ఫోన్లు ఆగాయి, నంబర్లు తొలగించామని జవాబు ఇచ్చారు. మనసు బాగోలేదని ఒకరు రాసిచ్చిన కాగితం అమ్మకాల జాబితాగా మారడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

కౌన్సెలర్ల బల్లలు మొదట హాలు ప్రధాన ద్వారం పక్కనే, అందరూ టీ తాగే చోట వేశారు. అక్కడ కూర్చున్నవారిని కాలనీ మొత్తం చూస్తుంది. వాటిని వెనుకవైపు ఉన్న గ్రంథాలయం గదిలోకి మార్చి, అదే గదిలో బీపీ, షుగర్ పరీక్ష కూడా పెట్టించాము. అప్పుడు లోపలికి వెళ్లేవారు దేనికోసం వెళ్తున్నారో బయటివారికి తెలియదు. ఆ చిన్న మార్పుతో గది ముందు వరుస ఏర్పడింది. రెండు గంటలని రాసుకున్న కౌన్సెలర్లు అదనంగా ఏమీ అడగకుండా చీకటి పడేదాకా ఉన్నారు. ఎవరితోనూ హడావిడి పడలేదు. ఇద్దరు వ్యక్తులను మాత్రం మరునాడే మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లమని చెప్పి, ఎక్కడికి వెళ్లాలో కాగితం మీద రాసిచ్చారని తర్వాత వారే నాకు చెప్పారు. ఈ సంస్థకు నేను ఇచ్చే మార్కుల్లో ఎక్కువ భాగం ఆ ఇద్దరు కౌన్సెలర్లవే.

కరపత్రం మంచి కాగితం మీద రంగుల్లో అచ్చయింది. దాని మీద ఉన్న సహాయవాణి నంబర్లను ఒక్కొక్కటిగా చేసి చూస్తే రెండు అసలు మోగలేదు. బాధలో ఉన్న మనిషి ధైర్యం కూడగట్టుకుని చేసే మొదటి ఫోన్ అలా వృథా అయితే రెండో ఫోన్ చేస్తాడన్న నమ్మకం ఏమిటి? పనిచేయని వాటిని కొట్టివేసి, కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416 ఒక్కటే పెద్ద అక్షరాల్లో ఉండేలా చీటీ అతికించాము. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ సేవ ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగుతో సహా 20 భాషల్లో మాట్లాడతారు. పంచే ముందు నేనే ఒకసారి చేసి, మా బంధువుల్లో ఒకరి నిద్రలేమి గురించి అడిగాను. తెలుగు ఎంచుకున్నాక మాట్లాడిన కౌన్సెలర్ పేరు కోసం ఒత్తిడి చేయలేదు, తొందరపెట్టలేదు, అవసరమైతే వైద్యులతో కలుపుతామన్నారు. నేరుగా చికిత్స కావలసినవారికి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం బృందానికో వైద్య కళాశాల ఆసుపత్రికో దారి చూపడం కూడా ఆ సేవలో భాగమే. ప్యాకేజీలో ఒక్క రూపాయి కూడా ఖర్చు కాని ఈ నంబరు, ఇప్పుడు మా లిఫ్టుల్లో ఎలక్ట్రీషియన్, ప్లంబర్ నంబర్ల పక్కన ఉంది.

పోల్చి చూడటానికి మరో అనుభవం కూడా చెప్పాలి. ఆ తర్వాతి ఫిబ్రవరిలో, ఇంటర్ పరీక్షలకు ముందు, ఒక ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి సంఘం తరఫున లేఖ ఇచ్చి, అక్కడి బృందాన్ని పిలిపించాము. డబ్బు అడగలేదు, టీ, కుర్చీల ఖర్చు తప్ప మాకేమీ కాలేదు. లేఖకు జవాబు రావడానికి చాలాసార్లు గుర్తు చేయవలసి వచ్చింది, ఓపీ ముగించుకుని వచ్చేసరికి ఆలస్యమైంది, మైకు మాదే కనుక మొరాయించింది. వేదిక, ఫ్లెక్సీ, ఫొటోలు లేవు. కానీ మాట్లాడినది మానసిక వైద్యురాలు. ఆసుపత్రిలో ఓపీ ఏ రోజు, ఏ గది, చీటీ ఎక్కడ తీసుకోవాలి, ఏ మందులు ఉచితంగా దొరుకుతాయి అన్నది ఆమె చెప్పినంత స్పష్టంగా ప్యాకేజీ సభలో ఎవరూ చెప్పలేదు. తల్లిదండ్రులను ఒకవైపు, పిల్లలను మరోవైపు కూర్చోబెట్టి విడివిడిగా మాట్లాడటం కూడా అక్కడే చూశాను. హాలు సగమే నిండింది, ఎందుకంటే పిలిచి కూర్చోబెట్టే పని మేము ప్యాకేజీవారంత బాగా చేయలేకపోయాము. జనాన్ని రప్పించడం ఒక విద్య. ఆ విద్యలో ఈ సంస్థలను తక్కువ చేయలేము.

కార్యక్రమం తర్వాత సంస్థ పంపిన నివేదిక అట్టతో సహా చాలా అందంగా ఉంది. ఎంతమంది నడిచారు, ఎంతమంది కూర్చున్నారు, సామాజిక మాధ్యమాల్లో ఎంతమంది చూశారు అన్న అంకెలు ఉన్నాయి. గ్రంథాలయం గది ముందు వరుసలో నిలబడినవారి ఫొటో కూడా ముఖాలు కనిపించేలా ఉంది. దానిని తీసివేయమని అడిగితే వెంటనే తీసేసి, కొత్త ప్రతి పంపారు. అయితే అడిగేదాకా వారికి తట్టకపోవడం ఇబ్బందికరమే. ఎంతమంది ఆ తర్వాత వైద్యుడిని కలిశారన్న ప్రశ్నకు నివేదికలో చోటు లేదు; మూడు నెలల తర్వాత ఒకసారి వచ్చి చూస్తారా అని అడిగితే, అది వేరే ప్యాకేజీ అన్నారు.

మొత్తం మీద ఈ సేవకు 5కి రెండున్నర ఇస్తాను. ఏర్పాట్లకు, నాటికకు, ముఖాముఖికి, కౌన్సెలర్లకు ఆ మార్కులు. ప్రసంగానికి, ప్రశ్నావళికి, సమాచార గోప్యతకు సున్నా. పెద్ద కళాశాలలు, వందలమంది ఉండే అపార్ట్‌మెంట్లు, సొంతంగా ఏర్పాట్లు చూసుకునే మనుషులు లేని సంఘాలు దీనిని తీసుకోవచ్చు, కానీ అచ్చువేసిన ప్యాకేజీని ఉన్నది ఉన్నట్టు తీసుకోకూడదు. నడక, టీషర్టులు తీసేసి ఆ డబ్బుతో ఇద్దరికి బదులు నలుగురు కౌన్సెలర్లను అడగండి. మాట్లాడేవారి నమోదు నంబరు, అర్హతలు ఒప్పందంలో రాయించండి. స్లైడ్లు, నాటిక, కరపత్రం వారం ముందే చూపాలని, ఫోన్ నంబర్లు ఏ రూపంలోనూ సేకరించరాదని, ఫొటోలు వేదికకే పరిమితం కావాలని, స్వానుభవం చెప్పేవారికి గౌరవ రుసుము ఇవ్వాలని షరతులుగా పెట్టండి. మేము ఈ షరతులన్నీ రాసి మళ్లీ కొటేషన్ అడిగితే, అదే సంస్థ కాస్త బేరమాడాక 42,000 రూపాయలకు, జీఎస్టీ అదనంగా, ఒప్పుకుంది.